ఓట్స్ బిస్కట్టు: పథ్యమా, ఫలహారమా?

ప్రశ్న: మేము పాతబస్తీలో శాలిబండలో ఉంటాము. నా భర్త వయస్సు 52. పత్తర్‌గట్టీలో ఒక బట్టల దుకాణంలో లెక్కలు చూస్తారు. ఆరేళ్లుగా చక్కెర వ్యాధి ఉన్నది. ఉదయం, రాత్రి మాత్రలు వేసుకుంటారు. దుకాణం దగ్గర రోజుకు మూడుసార్లు ఇరానీ చాయ్, ప్రతిసారీ రెండు ఉస్మానియా బిస్కట్లు తీసుకోవడం ఆయన పాతికేళ్ల అలవాటు. దీని మీద ఇంట్లో రోజూ తగాదా. ఎవరో ఓట్స్ బిస్కట్లు మంచివని చెబితే చిన్న ఓవెను కొని నేనే ఇంట్లో చేశాను. ఒక కప్పు ఓట్స్, రెండు కప్పుల మైదా, ఒక కప్పు బెల్లం, ఒక కప్పు నెయ్యి, రెండు గుప్పిళ్ల కిస్‌మిస్ వేశాను. చాలా బాగా కుదిరాయి. పంచదార లేదు కదా అని ఒక సాయంత్రం ఆయన ఆరు బిస్కట్లు తిని, కడుపు నిండిందని రాత్రి భోజనం మానేశారు. మాత్ర మాత్రం వేసుకున్నారు. రాత్రి ఒంటిగంటకు ఒళ్లంతా చెమటలు, వణుకు, మాట తడబాటు. నీరసమేమో అనుకొని అవే బిస్కట్లు రెండు తినిపించాను. తగ్గలేదు. పక్కింటి ఖాలా వచ్చి పంచదార నీళ్లు తాగించిన తరువాత తేరుకున్నారు. ఓట్స్ వల్ల షుగరు పడిపోయిందా? ఈ బిస్కట్లు ఇక మానివేయాలా? చేయవచ్చునంటే ఎట్లా చేయాలో దయచేసి చెప్పండి.

- ఒక సోదరి, శాలిబండ

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో బిస్కట్ల సంగతి తరువాత. ముందు ఆ రాత్రి సంగతి మాట్లాడుకుందాం. ఎందుకంటే ఆ రాత్రి మీ ఇంట్లో జరిగినది ప్రాణం మీదికి వచ్చే సంగతి. మీ పక్కింటి ఖాలాగారికి నా నమస్కారం చెప్పండి. ఆమె చేసినదే సరైన వైద్యం.

ఆ రాత్రి ఏమి జరిగింది?

మీవారికి రక్తంలో చక్కెర పడిపోయింది. దానికి కారణం ఓట్స్ కాదు. సాయంత్రం తిన్న ఆరు బిస్కట్లు రెండు మూడు గంటలసేపు చక్కెరను పైకి తీసుకుపోయి ఉంటాయి. అర్ధరాత్రికి వాటి ప్రభావం అయిపోయింది. రాత్రి వేసుకున్న మాత్ర పని మాత్రం సాగుతూనే ఉన్నది. చక్కెర వ్యాధికి ఇచ్చే మాత్రలన్నీ ఒకే రకం కావు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి చక్కెర ఇట్లా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. మనం భోజనం చేసినా, చేయకపోయినా వాటి పని అవి చేసుకుపోతాయి. ఇన్సులిన్ సూది సంగతీ అంతే. వాటిని వేసుకొని భోజనం మానివేస్తే చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే దిగువకు జారిపోతుంది. చెమట, వణుకు, గుండె దడ, విపరీతమైన ఆకలి, చిరాకు, మాట తడబడడం, చివరికి స్పృహ తప్పడం దాని లక్షణాలు.

మీవారు వాడే మాత్రల చీటీ చూడకుండా అది ఏ రకమో నేను చెప్పలేను. ఈ ఉత్తరం అచ్చయ్యే వరకు ఆగకుండా ఆ చీటీ తీసుకొని మీ డాక్టరు దగ్గరకు వెళ్లి, ఆ రాత్రి జరిగినదంతా చెప్పండి. మాత్ర మోతాదు మార్చవలసి రావచ్చు. మీరుగా మాత్ర మానివేయరాదు.

మరి బిస్కట్లు తినిపించినా ఎందుకు తగ్గలేదు? ఓట్స్‌లోని పీచు, నేతిలోని కొవ్వు రెండూ కడుపులో నుంచి ఆహారం కదలడాన్ని నెమ్మది చేస్తాయి. మామూలు రోజున అది మంచి గుణమే. చక్కెర పడిపోయినప్పుడు మాత్రం అదే గుణం కీడు చేస్తుంది. అప్పుడు కావలసినది వెంటనే రక్తంలోకి చేరే చక్కెర. ఈ నాలుగు మాటలు కాగితం మీద రాసి వంటింటి గోడకు అంటించండి.

ఒకటి: రోగి స్పృహలో ఉండి మింగగలిగితే, 15 గ్రాముల గ్లూకోజు గాని పంచదార గాని, అంటే నిండుగా మూడు చెంచాలు, అరగ్లాసు నీళ్లలో కలిపి తాగించాలి. బిస్కట్లు, చాక్లెట్లు, అన్నం మొదటి చికిత్సకు పనికిరావు.

రెండు: పదిహేను నిమిషాలు ఆగి పరీక్ష చేయాలి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే ఇవ్వాలి.

మూడు: తేరుకున్న తరువాత కొంచెం అన్నమో, రొట్టో, పాలో ఇవ్వాలి. ఈ దశలో బిస్కట్టు ఇచ్చినా తప్పులేదు.

నాలుగు: స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయరాదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి.

పైన చెప్పిన రకం మాత్రలు వాడేవారికి ఒకసారి చక్కెర పడితే, తేరుకున్నాక కూడా కొన్ని గంటల్లో మళ్లీ పడవచ్చు. అందువల్ల అట్టివారిని ఆ రాత్రే ఆసుపత్రిలో చూపించడం క్షేమం.

బిస్కట్టుకు రోగి పథ్యమనే పేరు ఎట్లా వచ్చింది?

మన ఇళ్లలోకి బిస్కట్టు ఒకప్పుడు రోగి ఆహారంగా వచ్చింది. పిల్లవాడికి జ్వరం వస్తే అన్నం పెట్టేవారు కాదు. రొట్టె, బిస్కట్లు, బార్లీ నీళ్లు ఇచ్చేవారు. ఉస్మానియా బిస్కట్టుకు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు వచ్చిందని అంటారు. అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి రోగుల కోసమే మొదట వాటిని చేయించారని కూడా నగరంలో ఒక కథ చెప్పుకుంటారు. కథ నిజమైనా కాకపోయినా, బిస్కట్టు తేలిక ఆహారమనే నమ్మకం మాత్రం మనలో పాతుకుపోయింది. చక్కెర రోగి లడ్డూ చూసి భయపడతాడు గాని బిస్కట్టు చూసి భయపడడు.

నిజానికి బిస్కట్టు అంటే పిండి, చక్కెర, కొవ్వు కలిపి నీరు ఇగిరేదాకా కాల్చిన పదార్థం. నీరు లేదు కనుక చేతికి తేలికగా ఉంటుంది, కాలరీలలో మాత్రం బరువే. ఉస్మానియా బిస్కట్టులో కాస్త ఉప్పు కూడా తగులుతుంది కనుక అందులోని తీపి నాలుకకు అంతగా తెలియదు. రెండు తింటే మరో రెండు తినాలనిపించడానికి ఆ ఉప్పు తీపి కలయికే కారణం.

చాయ్ సంగతి కూడా మరవరాదు. చాలా ఇరానీ హోటళ్లలో చాయ్ తీపి కలిసే వస్తుంది. ఒక చాయ్‌కి రెండు చెంచాలని తక్కువ లెక్క వేసుకున్నా, మూడు చాయ్‌లకు ఆరు చెంచాలు, సుమారు 25 గ్రాముల పంచదార. ఆరోగ్యవంతుడైన మనిషి కూడా రోజు మొత్తానికి అంతకు మించకుండా ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సలహా ఇచ్చింది. అంటే బిస్కట్టు ముట్టకముందే మీవారి కోటా చాయ్‌తోనే అయిపోతున్నది.

ఓట్స్ గొప్పతనం ఎంతవరకు?

ఓట్స్ మంచి ధాన్యమే, సందేహం లేదు. అందులో బీటా గ్లూకాన్ అనే ఒక రకం పీచు ఉన్నది. నీళ్లలో అది జిగురుగా మారుతుంది. పేగులలో పిత్తరసాన్ని పట్టుకొని బయటకు పంపుతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్టరాల్‌ను వాడుకుంటుంది. ఈ విధంగా చెడు కొలెస్టరాల్ కొంత తగ్గుతుంది. 1997లో అమెరికా ప్రభుత్వ ఆహార, ఔషధ శాఖ ఈ మాటను ఓట్స్ డబ్బాల మీద ముద్రించుకోవడానికి అనుమతి ఇచ్చింది.

అయితే అందుకు రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ కావాలి. అంత రావాలంటే సుమారు 75 గ్రాముల ఓట్స్ తినాలి. నేను ఈ కింద చెప్పబోయే బిస్కట్టు ఒక్కొక్కదానిలో ఓట్స్ 7 లేక 8 గ్రాములకు మించి పట్టవు. బిస్కట్ల ద్వారానే ఆ లాభం పొందాలంటే రోజుకు పది తినాలి. పది బిస్కట్లంటే వెయ్యి కాలరీలు. కొలెస్టరాల్ కోసం తినబోతే ఒళ్లు పెరుగుతుంది. ఓట్స్ వల్ల ఆ మేలు కావాలంటే ఉదయం పూట ఉప్మాగానో, మజ్జిగ కలిపి జావగానో చేసుకొని తినండి. బిస్కట్టును బిస్కట్టుగానే చూడండి.

మీరు చేసిన బిస్కట్టులో ఓట్స్ ఒక కప్పు అయితే, మైదా, బెల్లం, నెయ్యి కలిసి నాలుగు కప్పులు. అది ఓట్స్ చల్లిన మైదా మిఠాయి. కోపగించుకోకండి, బజారులో ఓట్స్ బొమ్మ వేసి అమ్మే పెట్టెలలోనూ చాలావాటి సంగతి ఇంతే. పెట్టె వెనుక చిన్న అక్షరాలతో వేసిన జాబితా చదవండి. ఎక్కువగా వేసిన వస్తువు పేరు మొదట వస్తుంది. మైదా, పంచదార మొదట ఉండి ఓట్స్ నాలుగో చోట ఉంటే పెట్టె మీది బొమ్మను నమ్మవద్దు.

బెల్లం, కిస్‌మిస్, నెయ్యి

బెల్లంలో పంచదారలో లేని ఖనిజాలు కొద్దిగా ఉన్న మాట నిజమే. కాని దానిలో అధికభాగం చక్కెరే. రక్తంలో చక్కెరను అది పంచదార లాగానే పెంచుతుంది. తేనె, ఖర్జూరం కూడా అంతే. పంచదార లేదు కదా అని మీవారు ఆరు తినడానికి కారణం బెల్లం మీద ఉన్న ఈ నమ్మకమే.

కిస్‌మిస్ మంచి పండే గాని ఎండిన పండు. నీరంతా పోయి తీపి మిగులుతుంది. 100 గ్రాముల కిస్‌మిస్‌లో సుమారు 60 గ్రాములు చక్కెరలే. గుప్పిళ్లతో కాదు, తూకంతో వేయాలి. బేగంబజారులో కొనేటప్పుడు మరొక సంగతి గమనించండి. బంగారు రంగులో మెరిసే కిస్‌మిస్‌కు ఆ రంగు నిలవడానికి గంధకపు పొగ పట్టించడం ఉన్నది. ఉబ్బసం ఉన్నవారిలో కొందరికి అది ఆయాసం తెప్పిస్తుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే ఎండలో ఎండిన నల్ల కిస్‌మిస్ వాడండి.

కొవ్వు సంగతి. వనస్పతి ఎంతమాత్రం వద్దు. నూనెను గడ్డకట్టించే పద్ధతిలో ట్రాన్స్ కొవ్వులు పుడతాయి. అవి చెడు కొలెస్టరాల్‌ను పెంచి మంచిదాన్ని తగ్గిస్తాయి. నూనెలలో, కొవ్వులలో ఇవి 2021 నుంచి నూటికి 3 పాళ్లు, 2022 జనవరి నుంచి 2 పాళ్లు మించరాదని మన దేశంలో నిబంధన వచ్చింది. ఇంట్లో చేసుకొనేటప్పుడు అసలే వాడకుండా ఉండవచ్చు కదా! నెయ్యి, వెన్న రుచికి మంచివి గాని వాటిలో గుండెకు సరిపడని కొవ్వు ఎక్కువ. చక్కెర రోగికి గుండెజబ్బు భయం కూడా ఉంటుంది. కనుక వేరుసెనగ నూనె గాని, పొద్దుతిరుగుడు నూనె గాని వాడి, వాసనకు ఒక చెంచా నెయ్యి కలుపుకోండి.

ఇరవై బిస్కట్లకు కొలతలు

ఓట్స్ 150 గ్రాములు. రెండు నిమిషాల్లో ఉడికేవి కాకుండా మందంగా ఉండే రేకులు తీసుకోవాలి. గోధుమ పిండి 75 గ్రాములు. కిస్‌మిస్ 60 గ్రాములు. పంచదార 50 గ్రాములు. నూనె, నెయ్యి కలిపి 60 గ్రాములు. బాదం పప్పు 30 గ్రాములు. కోడిగుడ్డు ఒకటి, గుడ్డు తిననివారు మూడు పెద్ద చెంచాల చిక్కటి పెరుగు. పాలు రెండు మూడు చెంచాలు. దాల్చినచెక్క పొడి అరచెంచా, ఏలకుల పొడి పావుచెంచా, తినే సోడా పావుచెంచా, ఉప్పు చిటికెడు.

ఓట్స్‌ను మూకుడులో సన్నని మంట మీద కమ్మని వాసన వచ్చేవరకు వేయించాలి. చల్లారాక అందులో సగం మిక్సీలో బరకగా తిప్పి, మిగతా సగం అట్లాగే ఉంచాలి. కిస్‌మిస్‌ను గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, వడగట్టి, ఒక్కొక్కదానిని రెండు మూడు ముక్కలుగా కోయాలి. ఇందులో ఒక రహస్యం ఉన్నది. ముక్కలు చేస్తే తీపి ప్రతి కొరుకుకూ తగులుతుంది, అందువల్ల పంచదార తగ్గించినా వెలితి తెలియదు. దాల్చినచెక్క, ఏలకులు కూడా తీపి ఎక్కువగా ఉన్న భ్రమ కలిగిస్తాయి.

నూనె, పంచదార, గుడ్డు బాగా గిలకొట్టి, పొడి వస్తువులన్నీ అందులో కలపాలి. పాలు చిలకరించి ముద్ద చేయాలి. చపాతీ పిండిలాగా పిసకకూడదు, బిస్కట్టు గట్టిపడుతుంది. ముద్దను ఇరవై నిమిషాలు మూతపెట్టి ఉంచాలి. ఓట్స్ తడి పీల్చుకోవడానికి ఈ సమయం అవసరం. ఈ పని తొందరపడి మానివేస్తే కాలిన తరువాత బిస్కట్టు ఇసుకలా రాలిపోతుంది.

ముద్దను ఇరవై ఉండలు చేసి పళ్లెంలో ఉంచి, అరచేతితో పలచగా నొక్కాలి. పంచదార, నెయ్యి ఎక్కువ ఉన్న బిస్కట్టు వేడికి తనంతట తాను పరుచుకుంటుంది. తక్కువ ఉన్నది పరుచుకోదు, మనమే నొక్కాలి. ఓవెను 170 డిగ్రీలకు ముందే వేడెక్కించి 14 నుంచి 16 నిమిషాలు కాల్చాలి. అంచులు గోధుమరంగు తిరిగితే చాలు. పంచదార తక్కువ కనుక మధ్యభాగం ఎర్రబడదు, ఎర్రబడేదాకా ఉంచితే అడుగు మాడుతుంది. తీసిన వెంటనే మెత్తగా ఉంటుంది, పచ్చిదేమోనని మళ్లీ ఓవెనులో పెట్టకండి. పళ్లెంలోనే పది నిమిషాలు చల్లారితే గట్టిపడుతుంది.

ఓవెను లేనివారు మందపాటి గిన్నెలో అంగుళం మందాన ఇసుక గాని, కల్లుప్పు గాని పోసి, మూతపెట్టి పది నిమిషాలు వేడిచేసి, దాని మీద చిన్న ముక్కాలిపీట పెట్టి, బిస్కట్ల పళ్లెం దానిపై ఉంచి, మూతపెట్టి సన్నని సెగ మీద 20 నుంచి 25 నిమిషాలు కాల్చవచ్చు. కుక్కరు వాడితే రబ్బరు, వెయిటు రెండూ తీసివేయాలి. ఇది మరవవద్దు. ఇంట్లో పిండి కలిపి పేట బేకరీ భట్టీకి పంపి కాల్పించుకోవడం పాతబస్తీ పాత కుటుంబాలకు కొత్త కాదు. మీకు తెలిసిన భట్టీవాడుంటే అదీ మంచిదే.

పూర్తిగా చల్లారిన తరువాత తడిలేని డబ్బాలో పెడితే వారం రోజులు నిలవ ఉంటాయి. వానాకాలంలో మెత్తబడితే ఐదు నిమిషాలు వేడిచేస్తే చాలు.

ఎన్ని తినవచ్చును?

ఈ లెక్కన ఒక్కొక్క బిస్కట్టులో సుమారు 100 కాలరీలు, 12 లేక 13 గ్రాముల పిండి పదార్థాలు ఉంటాయి. రెండు బిస్కట్లంటే సుమారుగా ఒక పెద్ద పుల్కా అనుకోండి. కాలరీలలో పుల్కా కంటే ఎక్కువే. మీవారు రోజుకు రెండు తినవచ్చును, అంతకు మించవద్దు. ఆ రెండూ అదనంగా కాదు, ఆ పూట తినే దానిలో ఒక పుల్కా తగ్గించుకొని తినాలి. అంతే గాని బిస్కట్లతో భోజనానికి బదులు తీర్చరాదు. మాత్ర వేసుకొనే పూట భోజనం తప్పరాదు.

వీలుంటే ఒకరోజు ఇంట్లోనే పరీక్ష చేసి చూడండి. బిస్కట్లు తినబోయే ముందు ఒకసారి, తిన్న రెండు గంటలకు మరొకసారి రక్తం చూసి రాసిపెట్టండి. తిన్న తరువాత 180 దాటకుండా చూసుకోవాలని చాలామందికి చెబుతాం. మీవారికి వారి డాక్టరు చెప్పిన అంకె ఏదో దానినే పాటించండి. మనిషి మనిషికీ తేడా ఉంటుంది, మీవారి ఒంటి సంగతి ఆ అంకెలే చెబుతాయి. నా మాట మీద మీవారికి నమ్మకం కుదరకపోయినా ఆ అంకెల మీద కుదురుతుంది.

తగాదా సంగతి

పాతికేళ్లుగా దుకాణం మెట్ల మీద నలుగురితో కలిసి తాగే చాయ్‌ని ఒక్కరోజులో మానమంటే ఏ మగవాడూ మానడు. మీ ముందు మాని, మీ వెనుక తింటాడు. దాచుకొని తినే రోగికి వైద్యం చేయడం చాలా కష్టం. అందుచేత బేరం కుదుర్చుకోండి. మూడు చాయ్‌లలో ఒకటి ఇరానీ చాయ్‌గా ఉండనివ్వండి. మిగతా రెండూ పంచదార లేకుండా అడిగి తాగాలి, లేదా ఇంటి నుంచి ఫ్లాస్కులో తీసుకుపోవాలి. మీరు చేసిన బిస్కట్లు చిన్న డబ్బాలో రెండంటే రెండే పెట్టి ఇవ్వండి. పెద్ద డబ్బా ఇంట్లోనే ఉండాలి. జేబులో ఎప్పుడూ ఒక గ్లూకోజు పొట్లం, మాత్రల పేర్లు రాసిన చీటీ ఉండాలి. దుకాణంలో పనిచేసే తోటివారికి కూడా చక్కెర పడిపోతే ఏమి చేయాలో చెప్పి ఉంచాలి. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

మొహర్రం రోజుల్లో మీ పక్కింటి నుంచి దమ్ కా రోట్ వస్తుందనుకుంటాను. రవ్వ, నెయ్యి, పంచదార, జీడిపప్పు, బాదం వేసి చేసే ఆ రోట్ మన నగరానికే ప్రత్యేకమైన రుచి. అది ఇచ్చిన చేతిని వద్దనడం మర్యాద కాదు. తీసుకోండి, మీవారికి ఒక చిన్న ముక్క పెట్టండి, ఆ రోజు ఓట్స్ బిస్కట్లు డబ్బాలోనే ఉండనివ్వండి. ఒకరోజు ఒక ముక్క కీడు చేయదు. పథ్యమనే పేరుతో రోజూ తినే ఆరు బిస్కట్లు కీడు చేస్తాయి.

ప్రశ్న: మా పాపకు మూడేళ్లు. ఓట్స్ కిస్‌మిస్ బిస్కట్లు పెట్టవచ్చునా?

- ఒక తల్లి, సైదాబాదు

జవాబు: పెట్టవచ్చును, రోజుకు ఒకటి చాలు. బాదం పప్పును పొడి చేసి వేయండి. ఐదేళ్లలోపు పిల్లలకు గట్టి పప్పులు ముక్కలుగా పెడితే గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉన్నది. కిస్‌మిస్ కూడా సన్నగా తరగాలి. అది పళ్లకు అంటుకొని ఉండిపోతుంది కనుక తిన్న తరువాత నోరు పుక్కిలింపజేయండి. ఆకలి వేసిన ప్రతిసారీ బిస్కట్టు ఇవ్వడం అలవాటు చేస్తే పాప అన్నం మానివేస్తుంది.

ప్రశ్న: ఓట్స్ ధర ఎక్కువ. జొన్నపిండితో ఇట్లాగే చేసుకోవచ్చునా?

- ఒక గృహిణి, నల్లగొండ

జవాబు: నిక్షేపంగా చేసుకోవచ్చును. జొన్నలో, రాగిలో పీచు బాగానే ఉంటుంది. అయితే ఓట్స్‌లో ఉన్న ఆ జిగురు పీచు వాటిలో అంతగా లేదు, అది బార్లీలో ఉంటుంది. జొన్నపిండికి సాగే గుణం లేదు కనుక మూడోవంతు గోధుమ పిండి తప్పక కలపాలి, పాలు మరికొంచెం పోయాలి. పంచదార, నూనె కొలతలు మాత్రం మార్చవద్దు. జొన్న బిస్కట్టు కూడా బిస్కట్టే, రెండు దాటకూడదు.

ప్రశ్న: మా అత్తగారికి 70 ఏళ్లు. మూత్రపిండాల జబ్బు ఉన్నది. పళ్లు లేవు. ఆమెకు ఈ బిస్కట్లు పాలలో నానబెట్టి ఇస్తే బలం వస్తుందా?

- ఒక కోడలు, లాల్‌దర్వాజా

జవాబు: తొందరపడకండి. కిస్‌మిస్‌లో పొటాషియం, ఓట్స్‌లోనూ పాలలోనూ భాస్వరం ఎక్కువ. మూత్రపిండాలు సరిగా పనిచేయనివారిలో ఇవి రక్తంలో పేరుకుపోతాయి. పొటాషియం మితిమీరితే గుండెకే ప్రమాదం. అందరికీ మంచిదైన ఆహారం ఆమెకు మంచిది కాకపోవచ్చు. ఆమె రక్తపరీక్ష కాగితాలు చూసిన డాక్టరును అడిగి, ఆయన సరేనన్న తరువాతే పెట్టండి. అంతవరకు మెత్తగా వండిన అన్నంలో ఆమెకు అనుమతించిన కూరలు కలిపి పెట్టడమే క్షేమం.